ఇంటి రౌటర్‌లో పోర్ట్ ట్రిగ్గరింగ్: ముందు చూసుకోవాల్సినవి, చేసే వరుస, చెడే చోట్లు

"పోర్ట్ ట్రిగ్గరింగ్ పెట్టాను, పనిచేయట్లేదు." శ్రీకాకుళం, ఆమదాలవలస, చీపురుపల్లి, బొబ్బిలి, ఎక్కడి నుంచి వచ్చినా ప్రశ్న ఇదే. చాలామంది రూల్ సరిగ్గానే రాసి ఉంటారు. తేడా అంతకు ముందే ఉంటుంది: ఇంటికి పబ్లిక్ ఐపీ (బయటి నెట్ నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) ఉండదు, లేదా ఒక రౌటర్ వెనక ఇంకో రౌటర్ ఉంటుంది, లేదా అది ట్రిగ్గరింగ్‌తో అయ్యే పనే కాదు. అందుకని రూల్ రాయడం గురించి తక్కువ చెప్పి, దానికి ముందు చూసుకోవాల్సినవి ఎక్కువ చెబుతాను.

1. మీ పనికి ఇది సరిపోతుందా?

ఇంట్లోని ఫోన్లు, లాప్‌టాప్‌లు, టీవీ అన్నీ బయటికి ఒకే ఐపీ అడ్రస్‌తో కనిపిస్తాయి. రౌటర్ చేసే ఈ పనినే న్యాట్ అంటారు. మీరు ఒక సర్వర్‌ని అడిగింది అదే దారిలో తిరిగి వస్తే రౌటర్‌కి చిక్కు లేదు. ఎవరు అడిగారో దానికి గుర్తుంటుంది. కొన్ని ప్రోగ్రాములు అలా కాదు. మీరు ఒక పోర్టుకు (అడ్రస్‌లో నంబరు వేసిన ఒక గుమ్మం అనుకోండి) వెళ్తారు, అవతలి సర్వర్ మీ ఇంటి మీద వేరే పోర్టుకు కొత్తగా కనెక్షన్ వేస్తుంది. ఆ వచ్చేది ఎవరి కోసమో రౌటర్‌కి తెలియదు, పారేస్తుంది.

వీధి గుమ్మంలోంచి మా మనిషి ఫలానా చోటికి వెళ్తే, కాసేపు పెరటి గుమ్మం తీసి ఉంచు, అటు వచ్చినవాళ్ళని ఆ మనిషి దగ్గరికే పంపు అని రౌటర్‌కి ముందే చెప్పి పెట్టడమే ట్రిగ్గరింగ్. మనిషి వెళ్ళకపోతే పెరటి గుమ్మం తెరుచుకోదు. ఇదే దీని బలం, ఇదే దీని హద్దు.

ఇవన్నీ అవును అయితేనే ముందుకు వెళ్ళండి:

☐ మొదటి కనెక్షన్ ఎప్పుడూ మీ ఇంటి లోపలి నుంచే మొదలవుతుంది.
☐ తిరిగి వచ్చే కనెక్షన్ వేరే పోర్టుకు వస్తుంది.
☐ ఆ ప్రోగ్రామ్‌ని ఒక సమయంలో ఇంట్లో ఒక్క మెషీనే వాడుతుంది.

ఎక్కువగా అడిగేది సీసీ కెమెరాల గురించి. పలాసలో ఇల్లు, హైదరాబాద్‌లో కొడుకు, అక్కడి నుంచి కెమెరా చూడాలి. ఇక్కడ పిలుపు బయటి నుంచి వస్తోంది. ఇంట్లో డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) ముందుగా అతని ఫోన్‌ని పిలవదు కాబట్టి ట్రిగ్గర్ పడదు. దీనికి పోర్ట్ ఫార్వర్డింగ్ (ఒక పోర్టుకు వచ్చినవన్నీ ఎప్పుడూ ఒకే మెషీన్‌కి పంపే రూల్) కావాలి, లేదా కెమెరా కంపెనీ ఇచ్చే క్లౌడ్ యాప్ చాలు. డీవీఆర్‌ని ఫార్వర్డ్ చేసి నెట్ అంతటికీ కనిపించేలా పెట్టడం నాకు ఇష్టం ఉండదు. పాత సాఫ్ట్‌వేర్, మార్చని పాస్‌వర్డ్ ఉన్న డీవీఆర్‌ల కోసం వెతికే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. యాప్‌తో సరిపెట్టుకోండి.

రెండోది ఆటలు. విజయనగరంలో చదువుకునే కుర్రాళ్ళు ముగ్గురు ఒకే గదిలో, ఒకే వైఫై మీద, ఒకే గేమ్ ఆడతారు. ట్రిగ్గరింగ్ పెడితే ముందు కనెక్ట్ అయినవాడికే పోర్టు దక్కుతుంది. అతనిది మూసుకునే దాకా మిగతా ఇద్దరికీ రాదు. అక్కడ రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్ చేయడం మేలు. దాంతో చాలా గేములు ఒక్కొక్కరికీ వేరే పోర్టు రౌటర్‌ని అడిగి తీసుకుంటాయి. గేమ్ సెట్టింగ్స్‌లో న్యాట్ టైప్ ఓపెన్ అని ఇప్పటికే చూపిస్తుంటే ఇంకేమీ ముట్టుకోవద్దు.

మరి ట్రిగ్గరింగ్ దేనికి? అవతలి సర్వర్ తిరిగి కనెక్ట్ అయ్యే పాత తరహా ఆఫీసు సాఫ్ట్‌వేర్లు, కొన్ని పాత గేములు, ఐఆర్‌సీ అనే పాతకాలపు టెక్స్ట్ చాట్ వంటి వాటికి. లాప్‌టాప్‌కి లోపలి ఐపీ రోజూ మారినా ఇబ్బంది లేదు. ఫార్వర్డింగ్‌లో ఆ ఐపీని కట్టిపడేయాలి, ఇక్కడ ఎవరు ట్రిగ్గర్ చేస్తే వాళ్ళకే వెళ్తుంది.

2. పబ్లిక్ ఐపీ ఉందా?

ఇక్కడ ఫెయిలైతే మిగతా పని అంతా వృథా. కాబట్టి దీన్ని దాటేయొద్దు.

ముందు వీపీఎన్ (మీ ట్రాఫిక్‌ని వేరే చోటి మీదుగా తిప్పే సాఫ్ట్‌వేర్) ఉంటే ఆపండి. రౌటర్ పేజీలో స్టేటస్ లేదా ఇంటర్నెట్ అనే చోట వాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపు ఉన్న ఐపీ) అని ఉంటుంది, అది రాసుకోండి. తర్వాత అదే వైఫై మీద గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని ఇంగ్లీషులో కొట్టండి. అక్షరాలు, కోలన్లు కలిసిన పొడుగాటి అడ్రస్ వస్తే అది ఐపీవీ6. మనకు కావాల్సింది చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలున్న ఐపీవీ4, దాన్ని చూపించే సైటు వాడండి.

రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ ఉంది. వేరువేరుగా ఉంటే వాన్ ఐపీ మొదటి అంకెలు చూడండి:

☐ 100.64 నుంచి 100.127 లోపు: మీ నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్ళకు పంచుతోంది. దీన్నే సీజీన్యాట్ అంటారు.
☐ 10 తో మొదలైతే: చాలావరకు ఇదీ అలాంటిదే.
☐ 192.168, లేదా 172.16 నుంచి 172.31 లోపు: మీ రౌటర్‌కి ముందు ఇంకో రౌటర్ ఉంది. 3వ భాగం చూడండి.

సీజీన్యాట్ ఉంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్ మీ ఇంటి రౌటర్ దాకా రాదు. కంపెనీ పెద్ద రౌటర్ దగ్గరే ఆగిపోతుంది. ఆ రౌటర్‌లో మీరు రూల్ రాయలేరు. ఇంట్లో రౌటర్ మార్చినా, పదివేలు పెట్టి గేమింగ్ రౌటర్ కొన్నా ఇదే కథ.

అప్పుడు నెట్ వాళ్ళకి ఫోన్ చేయాలి. "పోర్టులు ఓపెన్ చేయండి" అని అడిగితే "బాక్సు ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అంటారు, అంతే. ఇలా అడగండి: "నాది సీజీన్యాట్ మీద ఉంది. పబ్లిక్ ఐపీవీ4 ఇస్తారా? నెలకి ఎంత?" పబ్లిక్ అన్న మాట తప్పకుండా వాడండి. స్టాటిక్ అని మాత్రమే అడిగితే మారని ప్రైవేట్ ఐపీ చేతిలో పెట్టే వాళ్ళూ ఉన్నారు.

ట్రిగ్గరింగ్‌కి స్టాటిక్ అక్కర్లేదు. మీరు ఏ ఐపీ నుంచి వెళ్తే సర్వర్ ఆ ఐపీకే తిరిగి వస్తుంది, కాబట్టి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మారే పబ్లిక్ ఐపీ అయినా చాలు. కంపెనీ స్టాటిక్ ప్లాన్ తప్ప వేరేది ఇవ్వనంటేనే దానికి డబ్బు పెట్టండి.

పబ్లిక్ ఐపీ కుదరదంటే ఈ పని ఇక్కడే ఆపి, టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్‌తో అయ్యేదేమో చూడండి. అవతలి మెషీన్ కూడా మీ చేతిలో ఉంటే అది హాయి.

3. ఒక రౌటర్ వెనక ఇంకో రౌటర్

మన వైపు ఇది చాలా మామూలు. కేబుల్ ఆపరేటర్ ఫైబర్ పెట్టె బిగిస్తాడు. అందులో వైఫై మేడ మీదికి అందదు. ఇంటాయన బజారు నుంచి ఇంకో రౌటర్ తెచ్చి దాని వాన్ పోర్టులో వైరు పెడతాడు. ఇప్పుడు ఇంట్లో రెండు రౌటర్లు, రెండు న్యాట్‌లు. మీరు రెండోదాంట్లో రూల్ రాస్తారు, బయటి కనెక్షన్ మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది.

దీనికి దారులు మూడు. తేలికైనది ముందు చెబుతాను.

రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చడం మొదటిది. అది వైఫై మాత్రమే ఇస్తుంది, రూల్ ఫైబర్ పెట్టెలో రాయాలి. ఆ పెట్టెలో ట్రిగ్గరింగ్ మెనూ ఉంటేనే ఇది పనికొస్తుంది.

రెండోది, ఫైబర్ పెట్టెలో డీఎంజెడ్ అనే చోట మీ రెండో రౌటర్ ఐపీ ఇవ్వడం. మొదటి పెట్టెకి వచ్చినవన్నీ రెండోదానికి వెళ్తాయి, రూల్ రెండోదాంట్లో. ఆ రౌటర్ ఐపీ మారకుండా పెట్టెలోనే రిజర్వ్ చేయించండి.

మూడోది బ్రిడ్జ్ మోడ్. ఫైబర్ పెట్టె ఫైబర్‌లో వచ్చేదాన్ని నెట్ వైరులోకి మార్చే పని మాత్రమే చేస్తుంది, పీపీపీఓఈ (నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీ రౌటర్‌లో కొట్టాలి. శుభ్రమైన పద్ధతి ఇదే, కానీ నెట్ వాళ్ళ సాయం కావాలి. ఏపీ ఫైబర్‌నెట్ లాగా టీవీ, ఫోను, నెట్ ఒకే లైను మీద వచ్చే కనెక్షన్లలో బ్రిడ్జ్ చేస్తే టీవీకీ ఫోనుకీ ఏమవుతుందో ముందే అడగండి. సాయంత్రం సీరియల్ టైముకి టీవీ ఆగితే ఇంట్లో మీకు ఇంకో రకం టెన్షన్.

వైఫై దూరం పెంచే మెష్ లేదా ఎక్స్‌టెండర్ వాడుతుంటే అది కూడా రౌటర్ మోడ్‌లో లేదని చూసుకోండి.

4. పోర్టు నంబర్లు

రెండు నంబర్లు కావాలి. బయటికి వెళ్ళేటప్పుడు అవతలి సర్వర్ వినే పోర్టు ఒకటి, అది ట్రిగ్గర్ పోర్టు. బయటి నుంచి మీ మెషీన్‌కి వచ్చే పోర్టు రెండోది, దాన్ని ఓపెన్ పోర్టు అందాం. రౌటర్ పేజీల్లో దీన్ని ఎక్స్‌టర్నల్ అనీ, ఇన్‌కమింగ్ అనీ, ఇన్‌బౌండ్ అనీ రాస్తారు. ప్రతి దానికీ టీసీపీయా యూడీపీయా (డేటా పంపే రెండు పద్ధతులు, వీటినే ప్రోటోకాల్ అంటారు) అన్నది కూడా తెలియాలి.

సాఫ్ట్‌వేర్ హెల్ప్ పేజీలోనో, ఆఫీసు ఐటీ వాళ్ళ దగ్గరో అడిగి తీసుకోవడం మంచిది. దొరక్కపోతే విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్ళండి. ప్రోగ్రామ్ నడుస్తుండగా టీసీపీ కనెక్షన్స్‌లో రిమోట్ పోర్ట్ అనే వరసలో ఉన్నది మీ ట్రిగ్గర్ పోర్టు. లోకల్ పోర్ట్ కాదు, అది ప్రతిసారీ మారుతుంది. కింద లిజనింగ్ పోర్ట్స్‌లో అదే ప్రోగ్రామ్ పేరు పక్కన ఉన్నది ఓపెన్ పోర్టు అయ్యే అవకాశం ఎక్కువ.

ఒక నిజమైన ఉదాహరణ. ఐఆర్‌సీ చాట్‌లో మీరు టీసీపీ 6667కి, ఎన్‌క్రిప్షన్ ఉంటే 6697కి కనెక్ట్ అవుతారు. కొన్ని సర్వర్లు మీరెవరో తెలుసుకోవడానికి మీ మీద టీసీపీ 113కి తిరిగి వస్తాయి. కాబట్టి ట్రిగ్గర్ 6667, 6697, ఓపెన్ 113. జవాబు రాకపోతే చాలా సర్వర్లు మీ యూజర్‌నేమ్ ముందు ఒక వంకర గీత (~) తగిలిస్తాయి. ఆ గీత పోయిందంటే రూల్ పనిచేస్తున్నట్టే.

80, 443 నంబర్లను మాత్రం ఎప్పుడూ ట్రిగ్గర్‌గా పెట్టకండి. ఇంట్లో ఎవరు ఏ వెబ్‌సైట్ తెరిచినా ట్రిగ్గర్ పడుతుంది. అమ్మ ఫోన్‌లో యూట్యూబ్ పెట్టగానే మీ ఓపెన్ పోర్టు ఆవిడ ఫోన్‌కి వెళ్ళిపోతుంది.

5. రౌటర్‌లోకి వెళ్ళడం

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కమాండ్ కొడితే డీఫాల్ట్ గేట్‌వే దగ్గర రౌటర్ అడ్రస్ కనిపిస్తుంది. ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1, జియో ఫైబర్ పెట్టెలకు 192.168.29.1. దాన్ని బ్రౌజర్‌లో కొట్టండి. పాస్‌వర్డ్ చాలావరకు పెట్టె కింది స్టిక్కర్ మీద ఉంటుంది.

కొన్ని ఫైబర్ పెట్టెల్లో స్టిక్కర్ మీది లాగిన్‌తో వెళ్తే మెనూ సగమే కనిపిస్తుంది. న్యాట్ భాగం అడ్మిన్ లాగిన్‌కే తెరుచుకుంటుంది, అది నెట్ వాళ్ళ దగ్గర ఉంటుంది.

ఏదైనా మార్చే ముందు:

☐ బ్యాకప్ అనే చోట ఇప్పటి సెట్టింగ్స్ ఫైలుగా దించుకోండి.
☐ వాన్ పేజీ, పాత రూల్స్ పేజీ ఫోన్‌తో ఫొటో తీయండి.
☐ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఇప్పుడే మార్చండి.
☐ రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ సెట్టింగ్స్ మార్చే వీలు) ఆఫ్‌లో ఉందో చూడండి.

ఫైబర్ పెట్టె వెనక ఉండే రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చకండి. పీపీపీఓఈ, వీల్యాన్ వంటి లైను వివరాలన్నీ పోతే నెట్ అబ్బాయి వచ్చి మళ్ళీ పెట్టాలి. పండగ రోజుల్లో అయితే ఎప్పుడొస్తాడో చెప్పలేం.

6. రూల్ రాయడం

టీపీ-లింక్‌లో అడ్వాన్స్‌డ్, అందులో న్యాట్ ఫార్వర్డింగ్, అందులో పోర్ట్ ట్రిగ్గరింగ్. నెట్‌గేర్‌లో అడ్వాన్స్‌డ్ సెటప్ కింద పోర్ట్ ఫార్వర్డింగ్, పోర్ట్ ట్రిగ్గరింగ్ ఒకే పేజీలో ఉంటాయి, పైన రెండోది ఎంచుకోవాలి. ఏసస్‌లో వాన్ కింద పోర్ట్ ట్రిగ్గర్. మిగతావాటిలో న్యాట్, వర్చువల్ సర్వర్, అప్లికేషన్ రూల్స్ అనే పేర్ల చుట్టూ వెతకండి.

వరుస ఇది:

☐ పేరు: చదివితే అర్థమయ్యేది. టెస్ట్1 అని పెడితే ఆరు నెలల తర్వాత అదేమిటో మీకే తెలియదు.
☐ ట్రిగ్గర్ పోర్టు, దాని ప్రోటోకాల్.
☐ ఓపెన్ పోర్టు లేదా రేంజ్, దాని ప్రోటోకాల్.
☐ యూజర్ అని అడిగితే ఎనీ. ఒక్క మెషీన్‌కే కావాలంటే దాని ఐపీ ఇవ్వొచ్చు.
☐ టైమవుట్ (ఎంతసేపు కదలిక లేకపోతే పోర్టు మూయాలన్నది) అడిగితే ఉన్నదే ఉంచండి. నెట్‌గేర్‌లో మామూలుగా 20 నిమిషాలు.
☐ ఎనేబుల్ టిక్, ఆ తర్వాత సేవ్ లేదా అప్లై. నెట్‌గేర్‌లో డిజేబుల్ పోర్ట్ ట్రిగ్గరింగ్ అనే టిక్ ఉంటే తీసేయాలి.

ప్రోటోకాల్ ఏదో తెలిస్తే అదొక్కటే ఇవ్వండి. ఓపెన్ రేంజ్ కూడా అవసరమైనంతే. 1 నుంచి 65535 దాకా తెరిస్తే పని అవుతుందనే సలహా వింటుంటాం. అలా చేస్తే ట్రిగ్గర్ పడిన ప్రతిసారీ మీ లాప్‌టాప్ మొత్తం బయటికి తెరుచుకుంటుంది.

అదే ఓపెన్ పోర్టుకు పాత ఫార్వర్డింగ్ రూల్ ఉంటే ముందు దాన్ని తీసేయండి. రెండూ ఒకే పోర్టు కోసం కొట్టుకుంటాయి.

7. పరీక్షించడం

ఇంటి వైఫై మీద నుంచే మీ పబ్లిక్ ఐపీని పరీక్షిస్తే తప్పు ఫలితం రావచ్చు. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడాలి.

లాప్‌టాప్‌లో పైథాన్ ఉంటే ఖచ్చితంగా తేల్చుకునే పద్ధతి ఒకటుంది. తాత్కాలికంగా ట్రిగ్గర్ టీసీపీ 7000, ఓపెన్ టీసీపీ 50505 అని ఒక రూల్ రాయండి. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి, అందులో పైథాన్ హెచ్‌టీటీపీ సర్వర్‌ని 50505 మీద నడపండి (python -m http.server 50505). ఖాళీ ఫోల్డరే ఎందుకంటే, అందులో ఏముంటే అది బయటికి కనిపిస్తుంది. విండోస్ ఫైర్‌వాల్ అడిగితే అనుమతించండి.

ముందు ట్రిగ్గర్ చేయకుండా ఫోన్ బ్రౌజర్‌లో మీ పబ్లిక్ ఐపీ, కోలన్, 50505 కొట్టండి. తెరుచుకోకూడదు. ఇప్పుడు అదే లాప్‌టాప్ బ్రౌజర్‌లో 8.8.8.8:7000 కొట్టండి. పేజీ రాదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఫర్వాలేదు. బయటికి ఒక ప్యాకెట్ వెళ్ళింది, చాలా రౌటర్లకు అది చాలు. వెంటనే ఫోన్‌లో మళ్ళీ చూడండి. ఖాళీ ఫోల్డర్ జాబితా కనిపిస్తే మీ లైను, రౌటర్, ఫైర్‌వాల్ మూడూ బాగున్నాయి. ఇకపై పనిచేయకపోతే ముందు పోర్టు నంబర్లను అనుమానించండి, తర్వాత 8వ భాగం చూడండి.

ఈ పరీక్షకు 6667 వాడకండి. ఐఆర్‌సీ పోర్టులను బ్రౌజర్లే అడ్డుకుంటాయి, ప్యాకెట్ బయటికే పోదు. పరీక్ష అయ్యాక సర్వర్ ఆపి, తాత్కాలిక రూల్ చెరిపేయండి.

పైథాన్ లేకపోతే అసలు ప్రోగ్రామ్‌తోనే చూడాలి. ప్రోగ్రామ్ నడవనప్పుడు పోర్ట్ చెకర్ సైట్లు క్లోజ్డ్ అనే చెబుతాయి, దాన్ని పట్టుకుని రూల్ తప్పనుకోవద్దు.

8. పనిచేయకపోతే

ట్రిగ్గర్, ఓపెన్ తారుమారు కావడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. ఒక్కో కంపెనీ పేజీలో ఒక్కో వరుసలో అడుగుతారు కాబట్టి, బయటికి వెళ్ళేది ఏది, లోపలికి వచ్చేది ఏది అని పైకి చదువుకుని సరిచూడండి.

లాప్‌టాప్‌లో ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంటే ట్రాఫిక్ అంతా ఆ సొరంగంలోంచి పోతుంది. రౌటర్‌కి ట్రిగ్గర్ పోర్టు కనిపించనే కనిపించదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ముందు ఇది చూడాలి. వీపీఎన్ తప్పనిసరి అయితే పోర్టుల సంగతి ఆఫీసు ఐటీ వాళ్ళే చూడాలి, ఇంటి రౌటర్‌తో పని లేదు.

కాసేపు పనిచేసి ఆగిపోతుంటే టైమవుట్. ట్రిగ్గర్ పోర్టు మీద ఏమీ కదలకుండా ఆ సమయం గడిస్తే రౌటర్ మూసేస్తుంది. ప్రోగ్రామ్‌లో కీప్ అలైవ్ (కనెక్షన్ పడిపోకుండా అప్పుడప్పుడూ కదిలించే ఏర్పాటు) ఉంటే ఆన్ చేయండి, లేదా టైమవుట్ కొంచెం పెంచండి.

ఒక మెషీన్‌లో అయి ఇంకోదాంట్లో కాకపోతే, మొదటిదాని కనెక్షన్ ఇంకా బతికే ఉంది. అందులో ప్రోగ్రామ్ మూసి, టైమవుట్ గడిచే దాకా ఆగి రెండోదాంట్లో మొదలుపెట్టండి. తొందరైతే రౌటర్ రీస్టార్ట్.

విండోస్‌లో మీ వైఫై పబ్లిక్ నెట్‌వర్క్‌గా గుర్తు పెట్టి ఉంటే ఫైర్‌వాల్ ఇచ్చిన అనుమతి దానికి వర్తించకపోవచ్చు. ఇంటి వైఫైని ప్రైవేట్‌కి మార్చండి. యాంటీవైరస్‌లో విడిగా ఫైర్‌వాల్ ఉంటే అందులోనూ చూడండి.

ప్రోగ్రామ్ ఐపీవీ6 మీద వెళ్తుంటే ఈ రూల్‌తో సంబంధమే లేదు. ఐపీవీ6కి మామూలుగా న్యాట్ ఉండదు, ఫైర్‌వాల్ మాత్రమే ఉంటుంది. ప్రోగ్రామ్‌లో ఐపీవీ4 ఎంచుకునే వీలుంటే అది పెట్టి చూడండి.

నిన్నటి దాకా బాగుండి, ఈరోజు పొద్దున్నుంచి రాకపోతే 2వ భాగంలోని ఐపీ పరీక్ష మళ్ళీ చేయండి. గాలివానకి లైను తెగి, నెట్ వాళ్ళు బాగుచేసి తిరిగి కలిపినప్పుడు పబ్లిక్ ఐపీ పోయి సీజీన్యాట్ మీదికి పడిన కనెక్షన్లు ఉంటాయి. అప్పుడు రూల్ మార్చి మార్చి లాభం లేదు, ఫోన్ చేయాల్సిందే.

9. పెట్టిన తర్వాత

పోర్టు తెరుచుకున్నంతసేపూ అటు ఎవరైనా రావచ్చు, మీరు పిలిచిన సర్వర్ మాత్రమే కాదు. కాబట్టి ఆ పోర్టు మీద వినే ప్రోగ్రామ్‌ని అప్‌డేట్ చేస్తూ ఉండండి.

☐ పని చేసిన రూల్ పేజీని ఫొటో తీసి పెట్టుకోండి, సెట్టింగ్స్ బ్యాకప్ మళ్ళీ దించుకోండి.
☐ కరెంటు పోయి వచ్చాక రూల్ అలాగే ఉందో ఒకసారి చూడండి.
☐ రౌటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు కూడా.
☐ ఆ ప్రోగ్రామ్ వాడకం ఆపేసిన రోజే రూల్ తీసేయండి. టిక్ తీసి వదిలేయడం కాదు, డిలీట్.